వెనక గచ్చు మీద కాళ్ళున్న చెక్క మడి: ఏ చెక్క వాడాలి, అడుగు ఎలా వేయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక వసారా దాటితే సిమెంటు గచ్చే, చారెడు మట్టి కూడా లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, వంగి కలుపు తీయలేదు. అలాగని ఊరుకోదు, పెయింటు డబ్బాల్లో తోటకూర, కొత్తిమీర వేస్తూనే ఉంటుంది. అందుకని నిలబడి పనిచేసుకునే ఎత్తులో కాళ్ళున్న చెక్క మడి ఒకటి చేయిద్దామనుకుంటున్నాను. పొడవు 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు, లోతు 15 అంగుళాలు.

కలప అడితిలో ఒకాయన సాల్ తీసుకోమన్నాడు, ఇంకొకాయన టేకు తప్ప వేరే మాటే వద్దన్నాడు. పక్కింటాయన పాత రైలు స్లీపర్లు ఇప్పిస్తానంటున్నారు. ఇవి కాక తిత్లీ తుఫానుకి కూలిన పనస చెట్టు దుంగలు మామయ్య వాళ్ళ పాకలో అప్పట్నుంచీ పడున్నాయి. దేనితో చేయించమంటారు? అడుగు ఎలా వేయాలి? ఒక్క వానాకాలానికే పాడైపోతే ఇంట్లో నన్ను బతకనివ్వరు.

కాశీనగరం కుర్రోడు (కాశీనగర్)

స్లీపర్లు వేయించన్నా. గుణుపురం ప్యాసింజరు నేరుగా మీ పెరట్లోకి వస్తుంది, కూరలు బండెక్కించి సంతకి పంపేయొచ్చు.

చిత్రిక (జయపురం)

నేను వడ్రం పని చేసేవాణ్ణి, నా మాట వినండి. ఇంట్లో పనస ఉంచుకుని అడితికి ఎందుకెళ్ళడం? పనస చేవకి చెద అంత త్వరగా పట్టదు. మీకు దగ్గర్లోనే ఉన్న బొబ్బిలిలో వీణలు చేసేది ఆ చెక్కతోనే. తిత్లీ వచ్చింది 2018లో కాబట్టి దుంగ ఈపాటికి బాగా ఆరి ఉంటుంది. అది పెద్ద లాభం. అడితిలో పచ్చి సాల్ కొనుక్కుంటే అది ఆరేకొద్దీ మెలి తిరిగి మీ స్క్రూలనే లాగేస్తుంది.

కోత మిల్లుకి తీసుకెళ్ళినప్పుడు ఒకటి చూసుకోండి. పసుపు రంగులో ఉండే లోపలి భాగమే చేవ. బెరడు పక్కనుండే తెల్ల భాగాన్ని తీసేయించండి, పురుగు పట్టేది దానికే. టేకైనా అంతే. "టేకు కదా" అని లేత చెట్టు చెక్క కొంటే సగం తెలుపే ఉంటుంది, చెద దాన్ని మామిడిని తిన్నట్టే తింటుంది.

సాల్ చెడ్డదని కాదు, గట్టి చెక్క. కానీ టేకు కంటే బరువు, ముందుగా బరమాతో రంధ్రం చేయకుండా స్క్రూ బిగిస్తే నిలువునా చీలుతుంది. కాళ్ళకి వాడండి, బాగుంటుంది. మామిడి, నీలగిరి జోలికి వెళ్ళొద్దు.

కలప లెక్క: అంగుళం మందం బద్దలైతే పక్కలకీ అడుక్కీ కలిపి 2 ఘనపుటడుగుల లోపే. మూడంగుళాల చదరం కాళ్ళు నాలుగు, కింద పట్టీలు, తరుగు అన్నీ కలుపుకుని 3¼ దాకా కోయించుకోండి.

గుణుపురం మాస్టారు (గుణుపురం)

స్లీపర్ల సంగతి నవ్వులాట కాదు. ఆ చెక్క పుచ్చకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించేవారు. సాల్ స్లీపర్లని చాలావరకు ఉత్తగానే వేసేవారు గానీ, మీకు దొరికేది ఏదో చూసి చెప్పడం కష్టం. ఎండలో పెట్టినప్పుడు తారు వాసన వచ్చినా, నల్లగా జిడ్డు కారినా కూరల దగ్గరికి రానివ్వకండి. మన బజారుల్లో దొరికే ప్యాకింగు చెక్కతోనూ జాగ్రత్త. దాని మీద ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, పరవాలేదు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, వద్దు. ఆకుపచ్చ ఛాయలో ఉండే మందు పట్టించిన కలపలో ఆర్సెనిక్ ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ళ వాడకానికి ఆ రకాన్ని 2003 చివరికే ఆపేశారు.

మెంతికూర (రాయగడ)

చెక్క సంగతి వాళ్ళు చూసుకుంటారు గానీ తమ్ముడూ, ముందు అమ్మ ఎత్తు ఎంతో చెప్పు. అందరూ పెట్టె కొలతలు వేసుకుంటారు, మనిషిని కొలవరు. మోచేయి మడిచి నిలబడమను. మోచేతికి నాలుగైదు అంగుళాల కిందకి పెట్టె అంచు రావాలి. అయిదడుగుల మనిషికి అది 30 నుంచి 32 అంగుళాలు వస్తుంది. ఇది ఆకుకూరల లెక్క. వంగ, టమాటా అయితే మొక్కే రెండు మూడడుగులు లేస్తుంది కాబట్టి అంచు 24 దగ్గరే ఆపేయాలి. లేకపోతే కాయ కోయడానికి స్టూలెక్కాలి, మోకాళ్ళ నొప్పుల మనిషిని స్టూలెక్కిస్తే ఇంక మనం చేసిందేముంది?

రెండడుగుల వెడల్పు సరిపోతుంది, గోడ వారగా పెట్టినా అవతలి అంచు అందుతుంది. లోతు మాత్రం ఆలోచించుకో. తోటకూర, మెంతి, కొత్తిమీరకి 8 అంగుళాలు చాలు. 15 అంటే వంగ, మిరప కూడా వేసుకోవచ్చు, బరువూ దానికి తగ్గట్టే ఉంటుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అక్కా, కొలిచాను. అమ్మ అయిదడుగుల లోపే. ఆవిడ మాట: "వంకాయలు లేకపోతే నాకా పెట్టె ఎందుకు?" కాబట్టి లోతు 15 ఉండాల్సిందే. అంచు 28 దగ్గర పెట్టిస్తాను.

బరంపురం బీము (బరంపురం)

సివిల్ వాణ్ణి కాబట్టి బరువు లెక్క నేను చెప్తాను. 4 × 2 × 1¼ అడుగులంటే 10 ఘనపుటడుగులు, సుమారు 283 లీటర్లు. ఉత్త తోట మట్టి వేసి వానలో నానితే లీటరు 1.7 కిలోల దాకా తూగుతుంది, అంటే దగ్గర దగ్గర 480 కిలోలు. కొబ్బరి పొట్టు, గత్తం (మాగిన పశువుల ఎరువు) కలిపిన మట్టయితే లీటరుకి 1.2 వేసుకున్నా 340 కిలోలు. నేల మీది గచ్చుకి ఇదొక లెక్క కాదు.

ఇది చదివి ఎవరైనా డాబా మీద పెట్టేస్తారేమో, అందుకే ఇంకాస్త చెప్తున్నాను. మనుషులు తిరిగే డాబాకి మన ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెప్పేది చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఈ మడి ఆక్రమించేది 0.74 చదరపు మీటరు. 340ని దాంతో భాగిస్తే చదరపు మీటరుకి 460, మూడు రెట్లు. స్లాబు నడిమధ్యన పెట్టకండి. కింద గోడ గానీ బీము గానీ ఉన్న చోటు చూసి దాని మీదకి తీసుకెళ్ళండి, లోతు 8 అంగుళాలకి తగ్గించండి. పాత డాబా అయితే ఇంజనీరుకి చూపించకుండా అసలు పెట్టొద్దు.

చిత్రిక (జయపురం)

బీము గారు బరువు చెప్పారు కాబట్టి అడుగు గురించి ఇక్కడే చెప్పేస్తాను. చెడిపోయిన మళ్ళు నా దగ్గరికి బాగుకి వస్తుంటాయి, పక్కలు బాగానే ఉంటాయి, పోయేది అడుగే.

అడుగు బద్దలని నాలుగడుగుల పొడవున వేయకండి, రెండడుగుల అడ్డంగా వేయండి. పొడవున వేస్తే మధ్యలో కుంగుతాయి. ఆ బద్దల్ని పట్టుకోడానికి పొడవాటి పట్టీలు రెండు ఉంటాయి కదా, వాటిని కాళ్ళకి స్క్రూలతో అంటించేసి ఊరుకోవద్దు. కాలికి ముప్పావు అంగుళం గాడి కొట్టి, పట్టీ అందులో కూర్చునేలా చేయాలి. మూడు వందల కిలోల బరువు చెక్క మీద కూర్చోవాలి గానీ స్క్రూకి వేలాడకూడదు. స్క్రూ పని పక్కకి జరక్కుండా పట్టుకోవడం, అంతే.

బద్దకీ బద్దకీ మధ్య పెన్సిలు పట్టేంత సందు వదలండి. వానకి చెక్క ఉబ్బుతుంది, సందు లేకపోతే బద్దలు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. నీళ్ళు దిగేదీ ఆ సందుల్లోంచే.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. మామూలు ఇనప మేకులు తడి చెక్కలో తుప్పు పడతాయి, టేకు లాంటి చెక్కల్లోని వగరు ఇనుముతో కలిసి నల్లటి చారలు కూడా వస్తాయి. పొడవు పక్కలకి మధ్యలో లోపల్నుంచి ఒక నిలువు బద్ద, రెండు పక్కల్నీ కలిపి పట్టే ఒక అడ్డ పట్టీ వేయండి. తడి మట్టి తోపుకి నాలుగడుగుల పలక పొట్టలా బయటికొస్తుంది.

గుణుపురం మాస్టారు (గుణుపురం)

అడుగున రెండంగుళాలు గులకరాళ్ళు పోయడం మరిచిపోకండి. మహేంద్రతనయ ఏటిలో బోలెడు దొరుకుతాయి. నీళ్ళు బాగా దిగుతాయి.

మెంతికూర (రాయగడ)

మాస్టారూ, పెద్దవారు, ఎదురు చెప్తున్నానని అనుకోకండి. ఆ రాళ్ళు మేలు చేయకపోగా చెరుపు చేస్తాయి. సన్న మట్టిలోని నీరు పెద్ద ఖాళీలున్న రాళ్ళలోకి వెంటనే దిగదు, రాళ్ళ పైనున్న మట్టి నిండా నానేదాకా అక్కడే పట్టుకుని ఉంటుంది. అంటే బురద పొర వేరు దగ్గరికే వస్తుంది. గిన్నెలు తోమే స్పాంజితో చూడొచ్చు. బాగా తడిపి అడ్డంగా పట్టుకోండి, కారడం ఆగాక నిలువుగా తిప్పండి, ఇంకాస్త నీరు కారుతుంది. మట్టి ఎంత లోతుంటే పైభాగం అంత బాగా ఆరుతుంది. రాళ్ళు పోసి మనం ఆ లోతునే రెండంగుళాలు తగ్గించుకుంటున్నాం. బరువు అదనం.

గుణుపురం మాస్టారు (గుణుపురం)

స్పాంజితో చేసి చూశానమ్మా. నువ్వు చెప్పింది నిజమే. అయితే రాళ్ళు లేకపోతే మట్టి ఆ సందుల్లోంచి గచ్చు మీదకి కారిపోదూ? మేము రాళ్ళు పోసేది సగం అందుకే.

మెంతికూర (రాయగడ)

దానికి గుడ్డ ఉంది కదండీ. షేడ్‌నెట్ రెండు పొరలు గానీ, ఉతికిన ప్లాస్టిక్ నేత సిమెంటు బస్తా విప్పదీసి గానీ అడుగున పరిస్తే చాలు. నీరు పోతుంది, మట్టి ఉంటుంది. పాలిథిన్ షీటు మాత్రం అడుగున వద్దు. చెక్క కాపాడదామని దాన్ని పరిచి, నాలుగు బెజ్జాలు పొడిచి ఊరుకుంటారు. ఆ షీటుకీ చెక్కకీ మధ్య తడి చేరితే ఇంక ఆరదు. పక్కలకి కావాలంటే పైనుంచి కిందకి వేలాడేలా కొట్టుకోండి, అడుగు దాకా వచ్చి అక్కడ ఆగిపోవాలి.

ప్రాణహిత (సిరొంచ)

మా దిక్కు నుంచి ఒక మాట. మాది టేకు సీమ. పక్కనే ఆలాపల్లి అడవులు, అటు బల్లార్షా డిపో. అయోధ్య గుడి తలుపులకు 2023లో చెక్క పోయింది మా దిక్కు నుంచే. గసొంటి చేవ టేకు తెచ్చి మట్టి పెట్టెకు కొడితే మా తాత లేచొచ్చి తిడతడు. తలుపులు, కిటికీలు చేసినంక మిగిలే తుంట ముక్కలు వడ్రంగుల దగ్గర ఉంటయి, రెండడుగుల బద్దలకు అవి సరిపోతయి. అడుగుకు వాడుకోండి.

సరిహద్దు ఊర్లోళ్ళు ఇంకొకటి యాది పెట్టుకోవాలె. అవతలి రాష్ట్రంల అగ్గువకు దొరికిందని దుంగలు, సైజులు బండ్ల వేసుకుని నది దాటితే అటవీశాఖ రవాణా పర్మిట్ అడుగుతరు. కాయితం లేకుంటే బండి కూడా పోతది. మామయ్య పనస ఎక్కడుంది, ఆంధ్రలనా, ఒడిశాలనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మంచి ప్రశ్న అడిగావన్నా. మామయ్య వాళ్ళది పాతపట్నం దగ్గర, అంటే ఆంధ్ర. మనకి అది సందు దాటినట్టే గానీ కాగితం మీద వేరే రాష్ట్రం. అక్కడి అటవీశాఖ ఆఫీసులో కనుక్కునే తెస్తాను.

కాశీనగరం కుర్రోడు (కాశీనగర్)

పెళ్ళిచూపులకి దాటడానికి పర్మిట్ లేదు గానీ పనస దుంగకి కావాలి. భలే సరిహద్దు.

సరే, పనికొచ్చే మాట ఒకటి. చెక్కకి పైన ఏం పూయాలి? మా మెకానిక్ షెడ్డులో వాడేసిన ఇంజిన్ ఆయిలు డబ్బాలకి డబ్బాలు ఉంది. ఊళ్ళో దూలాలకి అదే పూస్తారు.

బరంపురం బీము (బరంపురం)

కూరల పెట్టెకి ఇంజిన్ ఆయిలు వద్దు. వాడేసిన ఆయిల్లో లోహాల పొడి, కాలిన హైడ్రోకార్బన్లు ఉంటాయి. దూలానికి పూస్తే ఎవరూ దాన్ని తినరు.

చిత్రిక (జయపురం)

లోపలి వైపు ఏమీ పూయకపోయినా నష్టం లేదు. పూయాలనుకుంటే పచ్చి అవిసె నూనె. కాచినదని అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, అది బయటి వైపుకే. నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. తీగ మీద పరిచి ఆరేయండి.

కాళ్ళకి మాత్రం మీ దగ్గర్లోనే మంచి మందు ఉంది, పలాస జీడిపిక్కల తొక్కల నూనె. పడవలకీ వలలకీ పూసేది అదే. చెద దగ్గరికి రాదు. కానీ అది చేతికి తగిలితే పొక్కులొస్తాయి. గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. బయటి వైపు, కాళ్ళకి మాత్రమే పూసి, పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అమ్మ చేతులానించే పై అంచుకి అస్సలు వద్దు.

కాళ్ళ అడుగు భాగాన్ని మరిచిపోతారు. కోసిన కొస నీటిని పీల్చుకుంటుంది, ఎంత గట్టి చెక్కయినా సరే. ఒక్కో కాలి కింద గ్రానైటు ముక్క వేయండి, కొసకి నూనె రెండు మూడు పూతలు పట్టించండి.

గుణుపురం మాస్టారు (గుణుపురం)

వెనకటికి కూరల అలమార కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళం, చీమలు ఎక్కకుండా. ఇక్కడ ఆ పని చేయకండి, డెంగీ దోమలకి మనమే ఇల్లు కట్టించినట్టవుతుంది. గ్రానైటు ముక్క పెడితే చెదపురుగు మట్టి దారి కట్టుకుంటూ ఎక్కేది కంటికి కనబడుతుంది, చీపురుతో దులిపేయొచ్చు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అటవీశాఖ ఆఫీసులో మర్యాదగానే చెప్పారు, కాగితం పని పూర్తిచేసుకుని దుంగ తెచ్చాం. కోత మిల్లులో కోస్తుంటే లోపల పసుపు చూసి మిల్లు ఆయనే "దీన్ని మట్టికి పెడతారా" అని బాధపడ్డాడు. కాళ్ళు సాల్, మిగతాదంతా పనస. గాడి కొట్టించాను, మా వడ్రంగి మొదట "ఎందుకండీ, ఎల్ పట్టీ వేసేద్దాం" అన్నాడు గానీ చిత్రిక గారి పోస్టు చదివి వినిపిస్తే ఒప్పుకున్నాడు. మధ్యలో అడ్డ పట్టీ కూడా వేశాం.

ఇప్పుడు మట్టి. 283 లీటర్లని గంపల్లో ఎలా కొలవాలి?

మెంతికూర (రాయగడ)

ఖాళీ సిమెంటు బస్తాతో కొలుచుకో. అందులో సుమారు 35 లీటర్లు పడుతుంది. ఎనిమిది బస్తాలు చాలు. ఎర్రమట్టి మూడు, బాగా మాగిన పశువుల గత్తం రెండున్నర, కొబ్బరి పొట్టు రెండున్నర. గత్తం పచ్చిగా ఉంటే వేయొద్దు, వేడికి మొలక మాడిపోతుంది. కొబ్బరి పొట్టుని రెండు మూడు నీళ్ళలో కడిగి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది. వేపపిండి రెండు గుప్పెళ్ళు చాలు. మొదట పైదాకా నింపేసేయి, ఒక సీజన్ తిరిగేసరికి ఎలాగూ రెండంగుళాలు దిగుతుంది. అప్పుడు పైన గత్తమే వేసుకోవడం.

ప్రాణహిత (సిరొంచ)

ఎండాకాలం జాగ్రత్త అన్నా. మా చంద్రపూర్ దిక్కు మే నెలల 45 దాటుడు మామూలే, పెట్టె నాలుగు దిక్కుల నుంచి వేడెక్కుతది, నేల మీది మడి లెక్క కాదు. పడమటి ఎండ పడని చోట పెట్టు. పైన ఎండుగడ్డి పరువు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పెట్టేశాం. తూర్పు గోడ నీడలో, మధ్యాహ్నం దాటాక ఎండ ఉండదు. మొదటి గట్టి వానకి అడుగునుంచి కాసేపు గోధుమ రంగు నీళ్ళు కారాయి, తర్వాత తేటపడ్డాయి. మర్నాటికి పై మట్టి వేలికి అంటడం లేదు. అమ్మ తోటకూర చల్లేసింది, ఓ మూల నాలుగు వంగ మొక్కలు పెట్టింది, అంచు మీద మోచేతులానించి పక్కింటావిడతో కబుర్లు చెప్తోంది.

కొత్త సమస్య కోతులు. ఇనప పైపులు నాలుగు నిలబెట్టి పైన వల కట్టేద్దామనుకుంటున్నాను. పెట్టెకే బిగించనా?

బరంపురం బీము (బరంపురం)

బిగించొచ్చు, కానీ విప్పేలా బిగించండి. వల గాలికి తెరచాపలా పనిచేస్తుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. మనకి ఏ వారం వణుకు పుడుతుందో చూశారుగా. మట్టితో నిండిన పెట్టె కదలదు గానీ పైపులు పెరికేస్తే పక్క పలకలు చీలతాయి. పైపులకి క్లాంపులు వేసి రెక్క నట్లు పెట్టండి, చేత్తో తిప్పితే ఊడొచ్చేలా. తుఫాను హెచ్చరిక రాగానే వల, పైపులు లోపల పడేయండి.

కాశీనగరం కుర్రోడు (కాశీనగర్)

కోతులకి రెక్క నట్లు తిప్పడం వచ్చేదాకా ఢోకా లేదు.

చిత్రిక (జయపురం)

క్లాంపులు పలకలకి కాదు, కాళ్ళకి వేయండి. కాళ్ళు సాల్ కదా, బరమాతో ముందు రంధ్రం చేయడం మానొద్దు. మిగిలిన పనస ముక్కలు పారేయకండి, అడుగు బద్ద ఎప్పుడైనా ఒకటి మార్చాల్సొస్తే అదే చెక్క దొరకదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

దాచాను. మామయ్య పాకలో ఇంకో దుంగ ఉంది, పక్కింటావిడ తనకీ ఒకటి కావాలంటున్నారు. వాళ్ళది డాబా. 8 అంగుళాల లోతుతో, గోడ మీదకి వచ్చేలా కొలతలు వేసి బీము గారికి ఇక్కడే పెడతాను, ఒకసారి చూసి చెప్పండి.